అమ్మాయికి టెక్సాస్‌లో కారు కొనాలి, వైజాగ్ నుంచి డబ్బు ఎలా పంపాలి?

షిప్‌యార్డ్ నాన్న:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవమని మనవి.

నేను విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. హల్ షాపులో ఉక్కు ప్లేట్ల ఇన్‌స్పెక్షన్ నా పని. ఉండేది మల్కాపురం. మా పెద్దమ్మాయి టెక్సాస్‌లో డెంటన్ అనే ఊళ్ళో ఎం.ఎస్. పూర్తి చేసింది. ఇప్పుడు ఇర్వింగ్‌లో ఉద్యోగం వచ్చింది, డిసెంబరు 1న చేరాలి. డెంటన్‌లో గదికి లీజు వచ్చే మే దాకా ఉంది, మధ్యలో వదిలితే డబ్బు పోతుంది. అంచేత అక్కడే ఉండి రోజూ 30 మైళ్ళు వెళ్ళి రావాలి. మన లెక్కలో 48 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి అనకాపల్లి దాటి ఎలమంచిలి దరిదాపులకు రోజూ పోయి వచ్చినట్టు. ట్రైను ఉందంటుంది కానీ మారి మారి వెళ్ళాలట, రాత్రి పని ఆలస్యమైతే దిక్కులేదు. రూమ్‌మేట్ కారులో ఎన్నాళ్ళని దింపించుకుంటుంది? లైసెన్సు తీసుకుంది. కారు ఒక్కటే తక్కువ.

అక్కడ లోను అడిగితే క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి వడ్డీ చాలా ఎక్కువ చెప్పారట. నాకు అప్పు అంటేనే టెన్షన్. కొంత నా దగ్గరుంది, మా ఆవిడ కుట్టుపనితో కూడబెట్టి వేసుకున్న ఎఫ్.డి. ఉంది. అది తీస్తానని తనే అంది. ఆ డబ్బు ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి ఒక్క రూపాయి కూడా తప్పుదారిన పోకూడదని ఇక్కడ అడుగుతున్నాను.

చూసిన బండి టొయోటా కరోలా, 2016 మోడలు, 84 వేల మైళ్ళు తిరిగింది. 11,500 డాలర్లు అడుగుతున్నారు. డాలరు 90 అనుకుంటే 10,35,000. అమ్మే ఆయన హ్యూస్టన్ నుంచి ఈమధ్యే డెంటన్ వైపు వచ్చారట. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, మీ నాన్నగారు ఇండియా నుంచి నేరుగా నా అకౌంట్‌కే వైర్ చేస్తే బండి మీకే ఉంచుతాను" అన్నారు. అమ్మాయి ఇంకా బండి దగ్గరకు వెళ్ళలేదు, ఫొటోలే చూసింది.

ఇక్కడ బ్యాంకులో అడిగాను. ఏప్రిల్ నుంచి ఇప్పటికే 5,20,000 పంపాను, అద్దెకూ ఆఖరి సెమిస్టరుకూ. ఇప్పుడు 10,35,000 పంపితే 10 లక్షలు దాటిన 5,55,000 మీద 20 శాతం టి.సి.ఎస్. (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను), అంటే 1,11,000 అదనంగా కట్టాలన్నారు. ఆ మాట విని బయటకొచ్చి సింధియా జంక్షన్ దాకా నడిచాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు.

మర్రిపాలెంలో తెలిసినాయన ఒకరు వేరే దారి చెప్పారు. వాళ్ళబ్బాయి డాలస్‌లో ఉన్నాడు, ఇక్కడ ఫ్లాటు కొంటున్నాడు. నేను రూపాయలు ఇక్కడ ఆయనకిస్తే, వాళ్ళబ్బాయి డాలర్లు అక్కడ మా అమ్మాయికి వేస్తాడట. టి.సి.ఎస్. లేదు, బ్యాంకు చార్జీ లేదు, రేటు కూడా రూపాయి తక్కువే. మనిషి మంచివాడే, పాతికేళ్ళ పరిచయం. మనసు అటు లాగుతోంది, కానీ ఎక్కడో తేడాగా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

గోపాలపట్నం అమ్మాయి:

బాబాయ్ గారూ, మాది గోపాలపట్నం. టెక్సాస్‌కి వచ్చి 9 ఏళ్ళయింది, ఇక్కడ 3 కార్లు కొన్నాను. డబ్బు సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు, నేను కారు గురించే చెప్తాను.

ముందుగా, అమ్మే మనిషి అకౌంట్‌కి మీరు నేరుగా డబ్బు పంపొద్దు. బండి చూడకముందు అసలే వద్దు. వైర్ ఒకసారి వెళ్తే వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. ఆయన మంచివాడే అయినా సరే. బండి మీ అమ్మాయి పేరు మీదకి వస్తుంది కాబట్టి డబ్బు మీ అమ్మాయి అకౌంట్‌కే రావాలి. అక్కడి నుంచి తను క్యాషియర్స్ చెక్ తీసుకుంటుంది, అది మన డి.డి. లాంటిది. నేను కొన్నప్పుడు అమ్మే ఆయనను మా బ్యాంకు బ్రాంచికే రమ్మన్నాను. చెక్కు నా ముందే ప్రింటయింది, ఆయన ముందే టైటిల్ మీద సంతకం అయింది. అరగంట పని.

టైటిల్ అంటే మన ఆర్.సి. లాంటిది. కాగితం చేతిలోకి తీసుకుని చూడమనండి. దాని మీద 'రీబిల్ట్ సాల్వేజ్' (బాగా దెబ్బతిన్నాక మళ్ళీ బాగుచేసిన బండి) అని గానీ, 'ఫ్లడ్ డ్యామేజ్' అని గానీ ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. బ్యాంకు లోను పెండింగ్ ఉంటే లీన్ హోల్డర్, అంటే అప్పిచ్చినవాళ్ళ పేరు కనిపిస్తుంది, అది తీరిన కాగితం కావాలి. బండి మీద అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు ఉంటుంది. ముందు అద్దం కింద ఉన్నదీ, తలుపు పక్కన స్టిక్కరు మీద ఉన్నదీ, టైటిల్ మీద ఉన్నదీ ఒకటే కావాలి. ఎన్.ఐ.సి.బి. అని ఇన్సూరెన్సు మోసాలు పట్టే సంస్థ ఉంది, వాళ్ళ సైటులో ఆ నంబరు కొడితే దొంగబండో కాదో, ఇన్సూరెన్సు వాళ్ళు సాల్వేజ్ కింద రాసేశారో ఉచితంగా తెలుస్తుంది. కానీ ఇన్సూరెన్సు క్లెయిము పెట్టని బండి ఏ రికార్డుకీ ఎక్కకపోవచ్చు. హ్యూస్టన్ బండి, 2016 మోడలు అంటున్నారు. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకి అక్కడ లక్షల బళ్ళు నీట మునిగాయి. ఈ బండి మునిగిందని నేను అనడం లేదు, మెకానిక్ చూడకుండా కొనొద్దు అంటున్నాను. 150 డాలర్లు తీసుకుని కింద నుంచి పైదాకా చూసి రాసిస్తారు. అమ్మే ఆయన మెకానిక్ దగ్గరకు ఒప్పుకోకపోతే మీకు జవాబు వచ్చేసినట్టే.

11,500తో అయిపోదు బాబాయ్. టెక్సాస్‌లో సేల్స్ టాక్స్ 6.25 శాతం, అంటే ఇంకో 719 డాలర్లు. ధర మరీ తక్కువ రాయిస్తే ప్రయోజనం లేదు, వాళ్ళ దగ్గరున్న ప్రామాణిక విలువలో 80 శాతం కన్నా తక్కువుంటే ఆ 80 శాతం మీదే వేస్తారు. టైటిల్ ఫీజు కౌంటీని బట్టి 28 గానీ 33 గానీ. ఇన్సూరెన్సు లేకుండా బండి రోడ్డెక్కకూడదు. కొత్త లైసెన్సుకి ప్రీమియం ఎక్కువ ఉంటుంది, కొనకముందే విన్ నంబరుతో కొటేషన్ తీసుకోమనండి. కనీసపు పాలసీ ఎదుటివాళ్ళ నష్టానికే, మన బండికి కాదు. డాలస్ వైపు వసంతంలో వడగళ్ళు నిమ్మకాయలంత పడతాయి. పైకప్పు అంతా సొట్టలు పడితే ఆ కనీసపు పాలసీ పైసా ఇవ్వదు.

సాగరతీరం77:

అంకుల్, మేం మా తమ్ముడి ఫీజుకి 2 సార్లు అలాగే ఇక్కడ ఇచ్చి అక్కడ తీసుకున్నాం. ఏమీ కాలేదు. వైజాగ్‌లో సగం మంది చేసేదే. లక్షా పదకొండు వేలు ఊరికే ఎందుకు కట్టాలి?

ఫారెక్స్ మాస్టారు:

షిప్‌యార్డ్ నాన్న గారూ, మీకు తేడాగా అనిపించింది నిజమే, ఆ దారి వద్దు. నేను ఒక బ్యాంకులో విదేశీ మారకం కౌంటరులో 19 ఏళ్ళు కూర్చుని రిటైరయ్యాను, ఇప్పుడు ఎం.వి.పి. కాలనీలో ఉంటున్నాను.

సాగరతీరం తమ్ముడూ, ఏమీ కాలేదు అన్నది ఇప్పటిదాకా మాట. విదేశంలో ఉన్నవాడి తరఫున ఇక్కడ రూపాయలు ఇవ్వడం, దానికి బదులు అక్కడ డాలర్లు పుచ్చుకోవడం ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే ఆ మొత్తానికి 3 రెట్ల దాకా పెనాల్టీ వేయవచ్చు. 10 లక్షల లావాదేవీకి 30 లక్షలు! ఇంకోటి ఎవరూ ఆలోచించరు. ఆ డాలస్ అబ్బాయికి కూడా ఇది నష్టమే. అతను ఫ్లాటుకి డబ్బు ఎన్.ఆర్.ఇ. అకౌంట్ (విదేశాల్లో ఉండేవాళ్ళు అక్కడి సంపాదన ఇక్కడ దాచుకునే ఖాతా) నుంచో, బ్యాంకు ద్వారా విదేశం నుంచి తెచ్చో కడితే, రేపు అమ్ముకున్నప్పుడు పెట్టిన డాలర్లు వెనక్కి తీసుకెళ్ళడానికి కాగితం ఉంటుంది. మీరిచ్చిన రూపాయలతో కొంటే ఆ కాగితం పుట్టదు. పాతికేళ్ళ పరిచయం అన్నారు కదా, ఈ మాట ఆయనకు చెప్పడం కూడా మీ స్నేహధర్మమే. అక్కడ మీ అమ్మాయి అకౌంట్‌లోకి బంధువు కాని మనిషి నుంచి 11 వేల డాలర్లు వచ్చి, ఎందుకొచ్చాయని వాళ్ళ బ్యాంకు అడిగితే, ఉద్యోగంలో చేరిన నెలలో ఆ పిల్ల ఏం చెప్తుంది?

ఇప్పుడు టి.సి.ఎస్. అది పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద జమై మీ పన్ను వివరాల్లో కనిపిస్తుంది. రిటర్ను వేసినప్పుడు మీ పన్నులో సర్దుతారు, పన్ను లేకపోతే రీఫండు వస్తుంది. కానీ నెలల తరబడి ఆగిపోతుంది, పెన్షను మీద బతికేవాడికి అది చిన్న సంగతి కాదని నాకు తెలుసు.

అసలు లెక్క ఇలా చూడండి. లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీము కింద ఇక్కడుండే ప్రతి వ్యక్తీ ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. టి.సి.ఎస్. లేని పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి 10 లక్షలు, అంతకుముందు 7 లక్షలు. ఈ 10 లక్షలు మనిషికి ఒకటి. ఇంటికి ఒకటి కాదు, బ్యాంకుకి ఒకటీ కాదు. రెండు బ్యాంకుల్లో విడగొట్టి పంపితే తప్పించుకోవచ్చు అనుకోవద్దు, ఏడాదిలో అన్నిచోట్లా పంపింది కలిపి రాసి సంతకం పెడతారు. మీకు 4,80,000 మిగిలింది. మీ ఇంటావిడ గారికి సొంత పాన్, సొంత అకౌంటు, సొంత ఎఫ్.డి. ఉన్నాయి. ఆవిడ ఇదివరకు ఏమీ పంపకపోతే ఆవిడకు 10 లక్షలూ అలాగే ఉన్నాయి. మీరు 4,50,000, ఆవిడ 6,00,000 పంపితే ఇద్దరికీ టి.సి.ఎస్. సున్నా. ఇందులో దాపరికం లేదు, తల్లి డబ్బు తల్లి పంపుతోంది.

ఒక్క జాగ్రత్త. విదేశానికి పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఎ2 ఫారంలో కారణం రాయాలి. చదువుకి టి.సి.ఎస్. తక్కువని ఆ కోడ్ వేయమని కొందరు సలహా ఇస్తారు. పిల్ల చదువు అయిపోయింది. కారుకి పంపేది బహుమతి, కోడ్ ఎస్1302. నిజం రాయండి. తల్లిదండ్రులు బిడ్డకిచ్చే బహుమతి మీద ఇక్కడ పన్ను లేదు.

చార్జీల గురించి అందరూ వెయ్యీ పదిహేనువందల దగ్గర బేరమాడతారు, అసలు పోయేది రేటులో. బ్రాంచిలో బోర్డు మీద రేటుకీ మార్కెట్ రేటుకీ డాలరుకి రూపాయి తేడా ఉంటే మీకు 11,500 పోయినట్టు. ట్రెజరీ, అంటే బ్యాంకులో డాలరు రేటు చూసే విభాగం నుంచి రేటు తెప్పించమని అడగండి, పెద్ద మొత్తానికి తెప్పిస్తారు. జి.ఎస్.టి. గురించి బెంగ వద్దు, 4,50,000కి 495, ఆరు లక్షలకి 630 అవుతుంది. దారిలో మధ్య బ్యాంకులు కోసుకోకుండా ఉండాలంటే ఫారంలో 'అవర్' అనే గడి టిక్ చేయించండి, ఆ ఖర్చు ఇక్కడే మీరు కడతారు, అక్కడ పూర్తి మొత్తం చేరుతుంది.

షిప్‌యార్డ్ నాన్న:

మాస్టారికీ, గోపాలపట్నం తల్లికీ చేతులెత్తి నమస్కారం. మర్రిపాలెం ఆయనకు ఫోను చేసి కుదరదని చెప్పాను. మొదట నొచ్చుకున్నారు. ఫ్లాటు కాగితం సంగతి చెప్పాక, "మావాడికి ఈ మాట ఎవరూ చెప్పలేదే" అన్నారు.

శనివారం బండి చూశాం. చూశాం అంటే అమ్మాయి అక్కడ పొద్దున్న 10 గంటలకు, నేను ఇక్కడ రాత్రి 9:30కి వాట్సాప్ వీడియోలో. బయట మెరుస్తోంది. ఇంజను శబ్దం బాగుంది. టైటిల్ మీద మచ్చ లేదు, విన్ నంబరులో ఏమీ రాలేదు. అమ్మాయికి నచ్చేసింది, గొంతులోనే తెలుస్తోంది. నేను డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, ముందు బోల్టుల మీద ఫోను లైటు వేయమన్నాను.

తుప్పు నా చేతి మీద పుట్టిన విషయం. సముద్రపు గాలికి మన బీచ్ రోడ్డు బళ్ళకు పట్టేది బయటి అంచుల్లో, పెయింటు లేచిన చోట మొదలవుతుంది. ఆ బండికి బయట ఒక్క చుక్క లేదు. లోపల సీటు బోల్టు తల మీద మాత్రం ముదురు గోధుమ రంగు పొర, గోరుతో గీకితే పెచ్చులా లేచింది. పెడల్ పైన బ్రాకెట్ మీద కూడా అదే. నీళ్ళు రావడానికి వీల్లేని చోట తుప్పు ఉందంటే నీళ్ళు అక్కడికి వచ్చాయనే అర్థం. సీటు బెల్టు చివరిదాకా లాగమన్నాను. రోజూ వాడే భాగం శుభ్రంగా ఉంది. లోపల చుట్టలో ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు మీద మట్టిరంగు గీత, అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టు. నీళ్ళు నిలిచి దిగిపోయిన గీత అది. డ్రైడాక్‌లో నీళ్ళు తోడేశాక గోడ మీద చూసేదాన్ని, 34 ఏళ్ళు చూశాను.

అమ్మా, వచ్చేయ్ అన్నాను. తను ఏడుపు ఆపుకుంది. "ఇంకో వారంలో చేరాలి నాన్నా" అంది. నాకూ గుండె పట్టేసింది. కానీ వాళ్ళమ్మ పక్కనే కూర్చుని ఆ గీత చూసింది, తనే ఫోను తీసుకుని, "నా డబ్బు బురదబండికి ఇవ్వను" అని చెప్పింది.

గోపాలపట్నం అమ్మాయి:

బాబాయ్, సీటు బెల్టు సంగతి చదివి నా కారు దగ్గరకు వెళ్ళి లాగి చూసుకున్నాను. పిల్లకి ధైర్యం చెప్పండి. మొదటి వారం ఇబ్బందైతే నాకు ప్రైవేటు మెసేజ్ పెట్టమనండి. మాది కాపెల్, ఇర్వింగ్ పక్కనే. రెండు మూడు రోజులు మా ఇంట్లో ఉండొచ్చు, మొహమాటం వద్దు.

షిప్‌యార్డ్ నాన్న:

పని అయింది, అందరికీ చెప్పాలి కదా.

అమ్మాయి 4 రోజులు గోపాలపట్నం తల్లి ఇంట్లోనే ఉంది. ఆ రుణం మాటల్లో తీరేది కాదు. రెండో బండి హోండా సివిక్, 2016 మోడలు, ఒక రిటైర్డు టీచరమ్మది. 11,400 అడిగి 10,900కి ఇచ్చారు. మళ్ళీ వీడియోలో సీటు బోల్టులు, బెల్టు, స్టెప్నీ గుంట అన్నీ చూశాను. సైలెన్సరు గొట్టం మీద పైపొర తుప్పు ఉంది, అది చాలా బళ్ళకు ఉంటుంది, లోతుగా తినేసింది కాదు. మెకానిక్ 150 తీసుకుని, ముందు బ్రేకు ప్యాడ్లు 6 నెలల్లో మార్చాలని రాశాడు, అంతే.

డబ్బు మాస్టారు చెప్పినట్టే పంపాం. నేను 5,000 డాలర్లు, మా ఆవిడ 6,700. ఆవిడ జీవితంలో మొదటిసారి ఎ2 ఫారం మీద సంతకం పెట్టింది. కౌంటరు దగ్గర అమ్మాయి "డబ్బు ఎవరిదమ్మా?" అని అడిగితే, "నాదే, బ్లౌజులు కుట్టి దాచాను" అంది. మా బ్యాంకులో 'అవర్' గడి సంగతి నేను మర్చిపోయాను, 5,000 కాస్తా అమ్మాయికి 4,982 చేరింది. ఆవిడ మర్చిపోలేదు, 6,700కి 6,700 చేరింది. ట్రెజరీ రేటు అడిగితే బోర్డు రేటు మీద డాలరుకి 80 పైసలు తగ్గించారు. ఇద్దరివి కలిపి 9,360 మిగిలింది. రెండు రోజుల్లో చేరాయి.

చెక్కు అమ్మాయి బ్యాంకులోనే ఇచ్చి, ఇద్దరూ కలిసి కౌంటీ టాక్స్ ఆఫీసుకు వెళ్ళి, టైటిల్ మార్పుకి 130-యు అనే ఫారం నింపి, అదే రోజు పేరు మార్పించుకున్నారు. టాక్స్ 681 డాలర్లు పడింది. కలిసి వెళ్ళడం చాలా మంచిదైంది, టీచరమ్మ ఒకచోట తేదీ తప్పు రాస్తే అక్కడికక్కడే సరిచేశారు.

పెందుర్తి తల్లి:

అన్నయ్య గారూ, మా అబ్బాయికి జనవరిలో ఇలాగే పంపాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, అక్కడి బ్యాంకులో ఒకలా ఉంది. మీకు పేరుతో ఇబ్బంది రాలేదా?

షిప్‌యార్డ్ నాన్న:

వచ్చిందమ్మా, చెప్పడం మరిచాను. నేను ఇంటిపేరు ముందు పెట్టి రాశాను, అక్కడ అకౌంటులో ఇంటిపేరు చివర ఉంది, పైగా మధ్యపేరు లేదు. కౌంటరు అమ్మాయి చూసి ఆపింది కాబట్టి సరిపోయింది, లేకపోతే వెనక్కి వచ్చేదట. అక్కడి అకౌంటు స్టేట్‌మెంటు మీద పేరు ఏ వరుసలో ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. బాబుని ఆ స్టేట్‌మెంటు మొదటి పేజీ ఫొటో తీసి పంపమనండి. ఇంకొకటి, అక్కడ వైర్‌కి ఒక రౌటింగ్ నంబరు (మన ఐ.ఎఫ్.ఎస్.సి. లాంటిది), మామూలు బదిలీలకు వేరే నంబరు ఉండొచ్చు. చెక్కు పుస్తకం మీద ఉన్నది చూసి రాసేయకుండా, బయటి దేశం నుంచి వచ్చే వైర్‌కి ఏది వాడాలో, స్విఫ్ట్ కోడ్ ఏమిటో వాళ్ళ బ్యాంకునే అడిగి రాసుకోమనండి. మీ ఫారం నింపే రోజు ముందు నాకు మెసేజ్ పెట్టండి, మా ఆవిడ నింపిన ఫారం జిరాక్సు మా దగ్గరుంది, నంబర్లు కొట్టేసి పంపిస్తాను.